ఒక్క జపనీస్ వాక్యంతో పదాలు, వ్యాకరణం నేర్చుకోవడం ఎలా?

"రోజుకి ఎన్ని పదాలు బట్టీ పట్టాలి?" "ముందు గ్రామర్ చదవాలా, పదాలు చదవాలా?" జపనీస్ మొదలుపెట్టినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండే. రెండింటికీ నేను చెప్పేది ఒకటే: ఒక వాక్యం పట్టుకోండి. దాన్ని విప్పండి, మళ్ళీ బిగించండి, ముక్కలు మార్చి చూడండి. వెయ్యి పదాల లిస్టు నోటికి వచ్చినవాళ్ళు కూడా "నిన్న బస్సులో వెళ్ళాను" అనాల్సి వచ్చేసరికి నీళ్ళు నమలడం చాలాసార్లు చూశాను.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. జపనీస్‌లోనూ క్రియ చివర్లోనే వస్తుంది, విభక్తి పదం వెనకాలే వస్తుంది. కాబట్టి ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిరగకుండా తెలుగు మెట్ల మీదుగా నేరుగా ఎక్కొచ్చు. కాకపోతే ఆ మెట్లలో కొన్ని విరిగి ఉన్నాయి. అందరూ జారిపడేది అక్కడే కాబట్టి ఎక్కువసేపు వాటి దగ్గరే ఆగుతాను.

కావలసినవి

- హిరగానా, అంటే జపనీస్ మొదటి అక్షరమాల, వచ్చి ఉండాలి. మూలాక్షరాలు 46. గుణింతాలు నేర్చుకున్న మనకి ఇదేం పెద్ద పని కాదు. ఇంకా రాకపోతే ముందు అది పూర్తిచేసి రండి.
- ఒక రూళ్ళ నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు.
- ఫోను. అందులో జపనీస్ కీబోర్డు, వాయిస్ రికార్డర్.
- జిషో లాంటి ఆన్‌లైన్ డిక్షనరీ. ఉచ్చారణ వినడానికి ఫోర్వో.
- మళ్ళీ మళ్ళీ చూసుకోవడానికి అంకి యాప్. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. కట్టడం ఇష్టం లేకపోతే పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి కార్డులు చేసుకోండి, అవీ బాగానే పనిచేస్తాయి.
- రోజుకి అరగంట.

ఒక మాట. ఇక్కడ జపనీస్ శబ్దాలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. హ్రస్వం ఉన్నచోట హ్రస్వంగా, దీర్ఘం ఉన్నచోట దీర్ఘంగా చదవండి. మీ నోటుబుక్కులో మాత్రం హిరగానాలోనే రాయాలి. తెలుగు లిపికి అలవాటు పడితే ఆర్నెల్ల తర్వాత కూడా జపనీస్ బోర్డు చదవలేరు.

మన వాక్యం ఇది:

కినో వ అమె గ ఫుత్తె ఇత నొదె, ఎకి మదె బసు దె ఇకిమషిత.

అర్థం ఇప్పుడే చెప్పను.

1. వాక్యం ఎంచుకోండి

ఈసారికి నేనే ఇచ్చాను. రేపటి నుంచి మీరే ఎంచుకోవాలి. తెలియని వ్యాకరణం ఒక్కటి, తెలియని పదాలు రెండు మూడు మించకూడదు. వినడానికి ఆడియో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మీ నోటితో ఎప్పుడైనా అనే మాట అయి ఉండాలి.

మీ పాఠ్యపుస్తకంలోని సంభాషణలు దీనికి మంచివి. తతొఎబా (Tatoeba) లాంటి సైట్లలో లక్షల వాక్యాలు దొరుకుతాయి కానీ అవి వాలంటీర్లు రాసినవి. రాసినవాళ్ళ మాతృభాష జపనీస్ అవునో కాదో చూసి తీసుకోండి. యానిమే నుంచి తీసుకుంటే ఇంకా జాగ్రత్త. అందులో హీరో తనని "ఒరె" అనీ ఎదుటివాణ్ణి "ఒమఎ" అనీ అంటాడు. అదే మాట ఆఫీసులో అంటే మేనేజర్‌ని "ఒరేయ్, నువ్వు" అన్నట్టుంటుంది.

2. అర్థం చూడకముందే నోరు తిప్పండి

వాక్యాన్ని ఐదారుసార్లు వినండి, తర్వాత పలకండి. చూసుకోవాల్సినవి నాలుగు.

"కినో"లో చివరి ఓ దీర్ఘం. జపనీస్‌లో హ్రస్వదీర్ఘాలు మారితే అర్థమే మారిపోతుంది. "కొకొ" అంటే ఇక్కడ, "కోకో" అంటే హైస్కూలు. "ఒబసన్" అంటే అత్తయ్యో పిన్నో, "ఒబాసన్" అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఈ తేడా మనకి చెవికి పడుతుంది. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే ఈ లాభమంతా పోతుంది.

"ఫుత్తె"లో ఫు పలికేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగలకూడదు. దీపం ఆర్పడానికి మెల్లగా ఊదినట్టు పలకాలి. ఒత్తు మాత్రం మన "అత్త"లో ఉన్నట్టే, ఒక తాళం ఆగాలి.

"ఇకిమషిత"లో షి మీది ఇకారం దాదాపు వినపడదు. "ఇకిమష్త" అన్నట్టుంటుంది.

"అమె"లో అ పైస్థాయిలో, మె కిందికి. టోక్యో ఉచ్చారణలో దీన్ని తిరగేసి అ కింద, మె పైన పలికితే అది వాన కాదు, చప్పరించే మిఠాయి. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు లెండి, దీనికి టెన్షన్ పడక్కర్లేదు. దీర్ఘాలకి మాత్రం పడండి.

మన వాక్యంలో లేదు కానీ అందరూ అడుగుతారు: "త్సు" ఎలా పలకాలి? "చుక్క", "చాప" అనేటప్పుడు చ ఎలా వస్తుందో అలాగే. ఆ శబ్దం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఇంకొకటి, త, ద లను ట, డ చేయకండి. "టబెమసు", "బసు డె" అంటే వినడానికి ఇంగ్లీషు వాసన కొడుతుంది.

3. తోక పట్టుకోండి

జపనీస్ వాక్యాన్ని వెనక నుంచి విప్పాలి. చివర్లో ఏముంది? ఇకిమషిత. "ఇకు" అంటే వెళ్ళడం. "మషిత" అంటే గతకాలం, మర్యాద.

ఇక్కడే మొదటి విరిగిన మెట్టు. మర్యాద అనగానే మనవాళ్ళు "వెళ్ళారు" అనుకుంటారు. తెలుగులో "వెళ్ళారు" అనేది వెళ్ళినవాళ్ళకి ఇచ్చే గౌరవం. "మషిత" వింటున్నవాళ్ళకి ఇచ్చే మర్యాద. దానికి మన భాషలో సరిగ్గా సరిపోయేది "అండి". ఇకిమషిత అంటే "వెళ్ళానండి". అందుకే మీ గురించి చెప్పుకునేటప్పుడు కూడా మసు, మషిత వాడొచ్చు. పెద్దవాళ్ళ పనిని గౌరవించి చెప్పడానికి "ఇరష్షైమషిత" లాంటి వేరే క్రియలున్నాయి. అవి మాత్రం మీ గురించి వాడకూడదు. మీ పేరు వెనక మన "గారు" లాంటి "సన్" తగిలించుకోకూడదు, ఇదీ అలాంటిదే.

ఇంకొకటి గమనించండి. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, అన్నీ ఇకిమషితే. ఎవరు వెళ్ళారో క్రియ చెప్పదు. సందర్భం ఏమీ లేకపోతే "నేను" అని తీసుకోండి.

4. విభక్తుల దగ్గర గీత కొట్టండి

రెండో రంగు పెన్ను తీసి వ, గ, నొదె, మదె, దె కింద గీతలు గీయండి. ప్రతి ముక్క ఎదురుగా తెలుగు రాయండి:

కినో వ – నిన్న
అమె గ – వాన
ఫుత్తె ఇత – పడుతూ ఉండింది
నొదె – కాబట్టి
ఎకి మదె – స్టేషన్ దాకా
బసు దె – బస్సులో
ఇకిమషిత – వెళ్ళానండి

పై నుంచి కిందికి తెలుగు చదవండి. ఒక్క పదం కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషు ఎదురుగా పెడితే బాణం గుర్తులతో పేజీ నిండిపోతుంది. జపనీస్‌కీ తమిళానికీ చుట్టరికం ఉందని సుసుము ఓనో అనే జపాన్ భాషావేత్త వాదించాడు. భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, నడక కలిసింది, మనకి అది చాలు.

రాసేటప్పుడు జాగ్రత్త: విభక్తిగా వచ్చే "వ"ని హిరగానాలో "హ" అక్షరంతో రాస్తారు. వినపడినట్టు రాస్తే తప్పు.

"వ"కీ "గ"కీ తేడా ఏమిటని ఇప్పుడే తల బద్దలు కొట్టుకోకండి. రెండు ఆనవాళ్ళు పెట్టుకోండి. తెలుగులో "అయితే" తగిలించినా నప్పేచోట వ: "నేనైతే వెళ్ళను" లాంటివి. ఎవరు, ఏది అనే ప్రశ్నపదం కర్తగా ఉంటే ఎప్పుడూ గ: "దరె గ కిమషిత క" అంటే ఎవరొచ్చారు. వాన, మంచు పడుతున్నాయని మామూలుగా చెప్పేటప్పుడూ గ. మొదటి మూడు నెలలకి ఇంత చాలు.

5. క్రియని డిక్షనరీ రూపానికి తీసుకెళ్ళండి

"ఫుత్తె" అని డిక్షనరీలో వెతికితే కొన్నిట్లో దొరకదు. మూలరూపం మీరే కట్టుకోవాలి. "త్తె"తో ముగిస్తే మూలం ఉ, త్సు, రు ఈ మూడింట్లో ఒకదానితో ముగుస్తుంది: కఉ (కొను) కత్తె అవుతుంది, మత్సు (ఆగి ఎదురుచూడు) మత్తె అవుతుంది, ఫురు (వాన పడు) ఫుత్తె అవుతుంది. మూడూ వెతికి చూడండి, వాక్యానికి నప్పేది తీసుకోండి.

"ఇకు" మాత్రం మొండిది. కుతో ముగిసేవి మామూలుగా "ఇతె" అవుతాయి, కకు (రాయి) కఇతె అయినట్టు. ఇకు మాత్రం ఇత్తె అవుతుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

డిక్షనరీ తెరిచారు కాబట్టి పనిలో పనిగా కంజీ, అంటే ఆ మాటకి రాసే చైనా మూలపు అక్షరం, కూడా చూడండి. వానకి రాసే అక్షరంలో లోపల నాలుగు చుక్కలుంటాయి, చినుకుల్లా. స్టేషన్‌కి రాసే "ఎకి" 14 గీతల అక్షరం. ఎడమవైపు ఉన్నది గుర్రం. ఒకప్పుడు ప్రయాణాల్లో గుర్రాలు మార్చుకునే మజిలీకి ఆ అక్షరం వాడేవారు. రైలొచ్చింది, గుర్రం మాత్రం అక్షరంలో ఉండిపోయింది. ఫురుకి రాసే కంజీనే "ఒరిరు"కీ రాస్తారు. ఒరిరు అంటే దిగడం. వాన దిగినా మనిషి బస్సు దిగినా అక్షరం అదే.

6. తెలుగు మోసం చేసే చోట్లు

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. నేను చూసిన తప్పుల్లో ముప్పాతిక వంతు ఇక్కడివే, నావీ కలిపి.

లో. "బస్సులో" అంటే బసు దె అని నేర్చుకోగానే లో అంటే దె అని ఖాయం చేసుకుంటారు. తర్వాత "ఇంట్లో ఉన్నాను" అనడానికి "ఉచి దె ఇమసు" అంటారు. తప్పు. "ఉచి ని ఇమసు" అనాలి. పని జరిగితే దె, ఉండడం మాత్రమే అయితే ని. ఇంట్లో తిన్నాను: ఉచి దె తబెమషిత. హైదరాబాద్‌లో ఉంటున్నాను: హైదెరబాదొ ని సున్దె ఇమసు. ప్రయాణ సాధనానికి దె.

తో. "స్నేహితుడితో వెళ్ళాను" అంటే తొమొదచి తొ ఇకిమషిత. అర్థం, శబ్దం రెండూ కలిశాయని సంబరపడి "చేత్తో తిన్నాను"కి కూడా "తె తొ" అంటారు. చెయ్యి మీ పక్కన కూర్చుని తినలేదు కదా! అక్కడ "తె దె". తో బదులు "తో కలిసి" అని మార్చి చూడండి. నప్పితే తొ, నప్పకపోతే దె.

ఎక్కడం, దిగడం. తెలుగులో "బస్సు ఎక్కాను", "బస్సు దిగాను" అంటాం, బస్సుకి ఏమీ తగిలించం. జపనీస్‌లో ఎక్కడానికి ని, దిగడానికి ఒ: బసు ని నొరిమషిత, బసు ఒ ఒరిమషిత. "బసు ఒ నొరిమషిత" అని నేను చాలాకాలం రాశాను. ఎవరూ దిద్దలేదు, అర్థమైపోయేది కాబట్టి.

తూ ఉంది. "తె ఇరు" అంటే ప్రతిచోటా "తూ ఉంది" అనుకోకండి. ఫుత్తె ఇరు అంటే పడుతూ ఉంది, నిజమే. కానీ "సఇఫు గ ఒచితె ఇరు" అంటే పర్సు పడి ఉంది. "ఇత్తె ఇరు" అంటే వెళ్ళి ఉన్నాడు. అంటే దారిలో లేడు, అక్కడికి చేరిపోయాడు. కాసేపు సాగే పనికి "తూ ఉంది", ఒక్కసారిగా జరిగి ఆ స్థితి నిలిచిపోయే పనికి "ఇ ఉంది". "కెక్కొన్ షితె ఇమసు" అంటే పెళ్ళి జరుగుతోందని కాదు, పెళ్ళయిందని.

కాబట్టి. క్రియ వెనక నొదె నేరుగా వస్తుంది. నామవాచకం వెనక రాదు, మధ్యలో "న" పెట్టాలి. "వాన కాబట్టి" అంటే అమె న నొదె. "అమె నొదె" అంటే తప్పు. నొదె ముందు "ఇత" అనే మామూలు రూపం ఉంది, "ఇమషిత" లేదు, గమనించారా? మర్యాదని వాక్యం చివరి క్రియ ఒక్కటే మోస్తుంది. రెండు అండీలు అక్కర్లేదు.

నిన్న. నిన్న, ఈరోజు, రేపు అనే మాటలకి ని తగలదు. "కినో ని" అనకండి. గడియారం టైముకి మాత్రం తగులుతుంది: షిచిజి ని, ఏడింటికి. మన "కి" ఎక్కడ వస్తుందో ఇక్కడా అక్కడే.

7. ఒక్కో ముక్క మార్చండి

ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

- వాన బదులు మంచు: యుకి గ ఫుత్తె ఇత నొదె.
- బస్సు బదులు రైలు: దెన్ష దె. సైకిలు: జితెన్ష దె.
- స్టేషన్ బదులు ఆఫీసు: కఇష మదె. స్కూలు: గక్కో మదె. ఆసుపత్రి: బ్యోఇన్ మదె.

"బ్యోఇన్"ని సాగదీసి "బియోఇన్" అన్నారనుకోండి, ఒంట్లో బాగాలేక బ్యూటీపార్లర్‌కి వెళ్ళినట్టవుతుంది.

బస్సు తీసేసి "నడిచి" పెట్టండి: ఎకి మదె అరుఇతె ఇకిమషిత. ఇక్కడ దె ఉండదు. "అరుఇతె దె" అంటే తప్పు. తెలుగులో "నడిచి వెళ్ళాను" అంటామే తప్ప "నడిచిలో" అనం కదా, అంతే.

చివరగా "మదె" తీసి "ని" పెట్టండి. ఎకి ని అంటే స్టేషన్‌కి, ఎకి మదె అంటే స్టేషన్ దాకా. టైముతో వాడేటప్పుడు ఇంకో తేడా: గొజి మదె అంటే ఐదింటి దాకా, గొజి మదె ని అంటే ఐదింటిలోపు. పని పూర్తి చేయాల్సిన గడువు చెప్పినప్పుడు ఆ చిన్న "ని" వినపడకపోతే ఇబ్బందే.

ఇలా ఎనిమిది పది వాక్యాలు రాసేసరికి పదిహేను దాకా పదాలు వచ్చేస్తాయి, అదీ వాడుకతో సహా.

8. మర్నాడు తెలుగు నుంచి వెనక్కి

రాత్రి నిద్రపోయి లేచాక, జపనీస్ వైపు చూడకుండా తెలుగు వాక్యం ఒక్కటే చూసి జపనీస్ రాయండి. తర్వాత పోల్చండి. తప్పిన ముక్క ఒక్కదాన్నే కార్డు మీదికి ఎక్కించండి: ముందువైపు "ఎకి ___ బసు ___ ఇకిమషిత" అని ఖాళీలతో, వెనక జవాబు. వాక్యం మొత్తం కార్డుకి ఎక్కిస్తే నెల తిరక్కుండా అంకి తెరవడమే మానేస్తారు.

జపనీస్ ఎంత వచ్చో తేల్చే జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగం లేదు, వ్యాసం రాసేది లేదు, అన్నీ జవాబు గుర్తించేవే. అందుకని పరీక్ష కోసమే చదివేవాళ్ళు ఈ మెట్టు దాటేస్తారు. పాసవుతారు కూడా. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే సంగతి బయటపడుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు రాసిన జపనీస్‌ని ట్రాన్స్‌లేషన్ యాప్‌లో పెట్టి, తెలుగు సరిగ్గా వచ్చింది కాబట్టి వాక్యం కరెక్టే అనుకోకండి. అన్నింటికంటే పెద్ద పొరపాటు ఇదే. ఆ యాప్‌లు తప్పు విభక్తిని కూడా సర్దుకుని అర్థం చెప్పేస్తాయి. "బసు ఒ నొరిమషిత" పెట్టినా "బస్సు ఎక్కాను" అనే రావచ్చు.

దానికి బదులు, అనుమానం ఉన్న మూడు నాలుగు పదాలని మాత్రమే జపనీస్ లిపిలో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. "బసు ని నొరిమషిత" ఎన్ని చోట్ల వచ్చింది, "బసు ఒ నొరిమషిత" ఎన్ని చోట్ల వచ్చింది, పక్కపక్కన చూడండి. అంకెలు చూసి ఊరుకోకుండా రెండు మూడు పేజీలు తెరిచి చదవండి, ఎందుకంటే "ఇది తప్పు" అని చెప్పే పేజీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఉచ్చారణకి ఫోన్ వాయిస్ టైపింగ్‌ని జపనీస్‌లో పెట్టి ఒక్కో పదం విడిగా పలకండి. "కోకో" అంటే హైస్కూలు పడుతోందా, "ఇక్కడ" పడుతోందా? వాక్యం మొత్తం చెబితే ఫోను సందర్భాన్ని బట్టి సర్దేస్తుంది, మీ తప్పు మీకు తెలియదు. తర్వాత మీ గొంతు రికార్డు చేసి అసలు ఆడియో పక్కన పెట్టి వినండి. మొదటిసారి సిగ్గేస్తుంది, పర్లేదు.

జపనీస్ వచ్చినవాళ్ళు ఎవరైనా అందుబాటులో ఉంటే "ఇది కరెక్టేనా?" అని అడక్కండి. మర్యాదకి అవునంటారు. "మీరైతే ఎలా అంటారు?" అని అడగండి.

మూడు రోజుల తర్వాత, ఏమీ చూడకుండా, "నిన్న మంచు పడుతూ ఉండింది కాబట్టి ఆఫీసు దాకా నడిచి వెళ్ళాను" అని పది సెకన్లలో అనగలిగారా? అయితే కొత్త వాక్యానికి వెళ్ళొచ్చు. తడబడితే ఇంకో రెండు రోజులు దీంతోనే ఉండండి. వారానికి మూడు వాక్యాలు మించి పెట్టుకున్నవాళ్ళు నెల రోజులు నిలబడడం నేను చూడలేదు.

తర్వాతి వాక్యం ఇదిగో:

బసు ఒ ఒరితర, అమె గ యన్దె ఇమషిత.

బస్సు, వాన, దిగడం మీకు తెలిసినవే. "న్దె"తో ముగిసే రూపం ము, బు, ను ఈ మూడింట్లో ఒకదాని నుంచి వస్తుంది. డిక్షనరీ తెరిచి మూడూ చూడండి. అక్కడున్న "ఇమషిత" పడుతూ ఉండడం లాంటిదా, పడి ఉండడం లాంటిదా అన్నది తేల్చడం మీ వంతు.